ఊరి ఆరోగ్యంలో మన వాటా: కొల్నార తెలుగు కుటుంబాలకు తెలియవలసినవి

రాయగడ జిల్లాలోని 11 బ్లాకుల్లో కొల్నార ఒకటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సుగా ఏర్పడే దాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీలో ఉండేది. తరవాత కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా అయింది. మన ఇళ్ళలో కొన్ని ఈ మార్పులన్నిటికీ ముందు నుంచే ఇక్కడ ఉన్నాయి. కొన్ని 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా పూర్తయిన రైలు దారి వెంట వచ్చాయి. మరికొన్ని 1960లలో కాగితం మిల్లుతోనూ, థేరుబలి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంతోనూ వచ్చి స్థిరపడ్డాయి. రేషన్ కార్డు ఒడిశాది, ఇంట్లో మాట తెలుగు, ఒంట్లో బాగాలేకపోతే పార్వతీపురమో, విజయనగరమో, విశాఖో.

పెద్ద జబ్బుకు విశాఖ వెళ్ళడంలో తప్పేమీ లేదు. రైలు ఉంది, చుట్టాలు ఉన్నారు, డాక్టరుతో మన మాటలో చెప్పుకోవచ్చు. కానీ ఒక కుటుంబం ఆరోగ్యం చాలా వరకు పెద్దాసుపత్రి గుమ్మం ఎక్కక ముందే తేలిపోతుంది. గర్భిణికి నెత్తురు పరీక్ష ఎప్పుడు జరిగింది, బిడ్డకు ఆరో వారం టీకా పడిందా, చలిజ్వరం వచ్చిన రోజే రక్తం చుక్క తీసి చూశారా, వానాకాలంలో తాగే నీళ్ళు ఎక్కడివి అన్నవే అసలు లెక్కలు. ఈ పనులన్నీ జరిగేది మన ఊళ్ళో, అంగన్‌వాడీ దగ్గర. అక్కడ మాత్రం మన ఇళ్ళవాళ్ళు తక్కువగా కనిపిస్తారు. అది పేదలకు, కొండవాళ్ళకు పెట్టిందిలే అనే మాట మనలో వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట వల్ల మనం పోగొట్టుకుంటున్నది ఏమిటో, ఊళ్ళో ఉన్న ఏర్పాటు ఎలా పనిచేస్తుందో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

గాఁ కల్యాణ సమితి

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రతి రాష్ట్రంలో గ్రామ ఆరోగ్య కమిటీలు పెట్టారు. ఒడిశాలో వాటి పేరు గాఁ కల్యాణ సమితి. వార్డు మెంబరు అధ్యక్షత వహిస్తారు. అంగన్‌వాడీ కార్యకర్త కన్వీనరు. ఆశా దీదీ సమితికి చేదోడుగా ఉంటారు. ఊళ్ళోని మహిళా సంఘాల వాళ్ళు సభ్యులుగా ఉండవచ్చు. సమితికి బ్యాంకు ఖాతా ఉంటుంది. ఏటా 10,000 రూపాయల వరకు విడి నిధి వస్తుంది. దాన్ని ఫలానా పనికే వాడాలన్న కట్టడి లేదు. బావిలో బ్లీచింగ్ వేయించడం, బోరింగు చుట్టూ నిలిచిన మురుగు తీయించడం, కాన్పుకు అర్ధరాత్రి బండి కట్టించడం వంటి వాటికి ఖర్చు పెట్టుకోవచ్చు.

పదివేలు పెద్ద మొత్తం కాదని తీసిపారేయవద్దు. వానలకు ముందు రెండు బావులు శుభ్రం చేయించడానికి అది చాలు. అసలు చిక్కు డబ్బు ఎంత అన్నది కాదు, ఆ డబ్బు దేనికి వాడాలో తేల్చే రోజున అక్కడ ఎవరు కూర్చున్నారన్నది. మన వీధి కాలువ సంగతి మనం వెళ్ళి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

చాలా ఊళ్ళలో ఒక గోడను తెల్లగా సున్నం వేసి స్వాస్థ్య కాంథ, అంటే ఆరోగ్య గోడ, అని రాసి ఉంచుతారు. టీకాల రోజు, ఆశా దీదీ పేరు, అంబులెన్సు నంబరు, గర్భిణుల లెక్క దాని మీద ఉంటాయి. రాత ఒడియాలో ఉంటుంది. మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు గనక వాళ్ళకు ఇబ్బంది లేదు. ఇబ్బంది పడేది ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కోడళ్ళు, చదువు తక్కువైన పెద్దవాళ్ళు. గోడ మీద ముఖ్యమైన నాలుగు వరుసలు తెలుగులో కూడా రాయమని సమితిలో అడగవచ్చు. ఎవరూ కాదనే విషయం కాదు.

ఆంధ్రలో డ్వాక్రా సంఘాలు ఎలాగో ఇక్కడ మిషన్ శక్తి సంఘాలు అలాగ. 2001 మార్చి 8న ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టింది. మన ఆడవాళ్ళు పొదుపు కోసం ఆ సంఘాల్లో ఉన్నారు. ఆ కూర్చున్న చోటే ఆరోగ్యం సంగతులు మాట్లాడుకుంటే ఏమవుతుందో 2005 నుంచి 2008 దాకా జార్ఖండ్‌లోనూ, మన ఒడిశాలోని కేఁదుఝర్ జిల్లాలోనూ ఏక్‌జుట్ అనే సంస్థ చేసి చూసింది. నెలకోసారి ఊరి ఆడవాళ్ళు కూర్చుని, పసిబిడ్డలు ఎందుకు పోతున్నారో కథలుగా, బొమ్మలుగా చర్చించుకున్నారు. కొత్త డాక్టరు రాలేదు, కొత్త ఆసుపత్రి కట్టలేదు. అయినా మూడేళ్ళలో నెలలోపు బిడ్డల మరణాలు, అలాంటి సంఘాలు లేని ఊళ్ళతో పోలిస్తే 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2010లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. మాటకు అంత బలం ఉంటుందా అని మేమూ మొదట అనుమానంగానే చదివాం. కానీ బిడ్డ ఒళ్ళు చల్లబడితే ఏం చేయాలో పదిమంది ఆడవాళ్ళకు ముందే తెలిసి ఉండడం చిన్న విషయం కాదు.

మమతా దిబస

నెలకోసారి, మంగళవారం గానీ శుక్రవారం గానీ, అంగన్‌వాడీ కేంద్రంలో జరిగేదే మమతా దిబస. ఏ ఊరికి ఏ వారం అన్నది ముందే ఖాయం చేసి ఉంటుంది. ఆ రోజు నర్సమ్మ వస్తారు. గర్భిణుల బరువు, బీపీ, నెత్తురు, మూత్రం చూస్తారు. పొట్ట పరీక్ష చేస్తారు. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఇస్తారు. అయిదేళ్ళ లోపు పిల్లలను తూకం వేస్తారు. టీకాలకు మామూలుగా బుధవారం వేరే ఉంటుంది.

గర్భిణికి కనీసం నాలుగు పరీక్షలు జరగాలి. మొదటిది 12 వారాల లోపు, అంటే మూడో నెల దాటకుండా. మన ఇళ్ళలో మూడో నెల నిండే దాకా బయటికి చెప్పకపోవడం ఆనవాయితీ. దిష్టి తగులుతుందని పెద్దవాళ్ళ భయం. వీధిలో చెప్పకండి, ఫరవాలేదు. ఆశా దీదీ చెవిన మాత్రం వేయండి. బీపీ, రక్తహీనత మొదట్లోనే బయటపడితే మందులతో సరిపోతుంది. ఎనిమిదో నెలలో బయటపడితే అంబులెన్సు ఎక్కాల్సి వస్తుంది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే చూసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఆ రోజు రాయగడ వెళ్ళినా చూపించుకోవచ్చు.

రక్తహీనత మాట వచ్చింది గనక ఒక లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఒడిశాలో 64.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇది కొండవాళ్ళ సమస్య, మనది కాదు అనుకునే వాళ్ళు ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. సరిహద్దుకు అటైనా ఇటైనా సగానికి పైగానే. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని మానేసే వాళ్ళు ఎక్కువ. రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. టీ తాగుతూ వేసుకుంటే ఫలితం ఉండదు, ఒక గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి వేసుకోకూడదు.

తొలి కాన్పు పుట్టింట్లో: రెండు రాష్ట్రాల మధ్య జారిపోయేవి

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇదే. పక్క ఇంటి ఒడియా కుటుంబానికి గానీ, కువి మాట్లాడే కొంధ కుటుంబానికి గానీ సాధారణంగా ఇది ఎదురుకాదు.

కొల్నార కోడలు మూడో నెలలో ఇక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటుంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళతారు. అది సాలూరు కావచ్చు, బొబ్బిలి కావచ్చు, పార్వతీపురం కావచ్చు. కాన్పు అక్కడే. బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక అత్తవారింటికి వస్తుంది. ఆనవాయితీగా చూస్తే మంచిదే. తల్లి దగ్గర ఉంటే ఆ పిల్లకు విశ్రాంతి దొరుకుతుంది. అయితే సరిగ్గా ఆ నెలల్లోనే ఆరోగ్య వ్యవస్థ ఆమెను ఎక్కువసార్లు చూడాలి. ఏడో నెల నుంచి తొమ్మిదో నెల దాకా రెండు పరీక్షలు ఉంటాయి. బిడ్డ పుట్టగానే బి.సి.జి., హెపటైటిస్ బి, పోలియో చుక్కలు. తరవాత 6వ వారం, 10వ వారం, 14వ వారం టీకాలు. లెక్క వేసి చూడండి: ఇవి చాలా వరకు పుట్టింట్లో ఉన్న రోజుల్లోనే పడతాయి. అక్కడి ఆశా కార్యకర్త దృష్టిలో ఈమె ఒడిశా మనిషి. ఇక్కడి ఆశా దీదీ పుస్తకంలో ఈమె పేరు పక్కన ‘ఊళ్ళో లేరు’ అని ఉంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు, బిడ్డకు మాత్రం టీకా పడదు.

దీనికి కావలసిన సాధనం ఇంట్లోనే ఉంది. గర్భం నమోదు అయినప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు దేశమంతటా ఒకే పద్ధతిలో ఉంటుంది. అందులో ఆర్.సి.హెచ్. నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు చెబితే ఏ రాష్ట్రంలోనైనా నర్సమ్మ పాత వివరాలు వెతకగలరు. టీకాల పట్టిక కూడా ఒకటే. రోటా వైరస్ టీకా దేశంలో మొదట 2016లో నాలుగు రాష్ట్రాల్లో మొదలైతే వాటిలో ఆంధ్రా ఒకటి, ఒడిశా ఒకటి. కాబట్టి అక్కడ వేసిన టీకా ఇక్కడ చెల్లదేమో, మళ్ళీ వేస్తారేమో అనే భయం అక్కర్లేదు. కార్డు లేకుండా పుట్టింటికి పంపవద్దు. సీమంతం చీరతో పాటు సంచిలో పెట్టవలసిన మొదటి వస్తువు అదే. వెళ్ళిన వారంలోనే అక్కడి అంగన్‌వాడీలో చూపించాలి. తిరిగి వచ్చిన వారంలో ఇక్కడ చూపించాలి.

జనన నమోదు విషయంలో కూడా తికమక ఉంది. 1969 చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే, 21 రోజుల లోపు నమోదు చేయాలి. పార్వతీపురంలో పుట్టిన బిడ్డకు సర్టిఫికెట్ కొల్నారలో ఇవ్వరు. అక్కడ తీసుకున్నది ఇక్కడ బడిలోనూ ఆధార్‌కూ చెల్లుతుంది. 2023 అక్టోబరు 1 తరవాత పుట్టిన పిల్లలకు బడి చేరిక మొదలు చాలా పనులకు పుట్టిన తేదీ రుజువుగా ఆ సర్టిఫికెటే ఆధారం. పురిటి హడావుడిలో ఇది మరిచిపోతే తరవాత రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరగాలి. తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఇంటి పేరు తెలుగు పద్ధతిలో ముందు, ఒడియా పద్ధతిలో వెనక రాయడం వల్ల వచ్చే తంటాలు మనలో చాలామందికి అనుభవమే.

ఇక మమతా పథకం. 2011లో ఒడిశా ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. 19 ఏళ్ళు నిండిన తల్లికి, మొదటి రెండు కాన్పులకు వర్తిస్తుంది. ప్రభుత్వోద్యోగులకు లేదు. మొదట 5,000 రూపాయలు ఇచ్చేవారు. 2024లో కేంద్రం మాతృ వందన పథకంతో కలిపాక అది 10,000కు పెరిగింది. డబ్బు వాయిదాల్లో తల్లి ఖాతాకే వస్తుంది. గర్భం నమోదు, పరీక్షలు, మాత్రలు, జనన నమోదు, టీకాలు ఒక్కొక్కటే కార్డులో పడాలి. పుట్టింట్లో జరిగిన పరీక్షలూ టీకాలూ కార్డులో రాయించుకోకపోతే ఇక్కడ వాయిదా ఆగిపోతుంది. పెళ్ళి కాకముందు ఆంధ్రలో తెరిచిన ఖాతాకు ఆధార్ ముడిపడి ఉందేమో కూడా చూసుకోవాలి. డబ్బు వచ్చిందా లేదా తెలియక బ్యాంకు చుట్టూ తిరగడానికి అదొక కారణం.

ఆడపిల్లను ఆంధ్రకు ఇచ్చిన కుటుంబాలకు ఇదే కథ తిరగేసి వర్తిస్తుంది. ఆమె కాన్పుకు కొల్నార వస్తుంది. వచ్చిన నాడే ఆశా దీదీని ఇంటికి పిలవండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, భోజనం, రానుపోను బండి ఉచితం. ఈ ఏర్పాటు 2011 నుంచి దేశమంతటా ఉంది, ఏ రాష్ట్రం మనిషి అన్నది అడగరు. ఇంటి నుంచి ఆసుపత్రి దూరమైతే కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండడానికి ఒడిశాలో మా గృహ అనే వసతులు ఉన్నాయి. కొండ ఊళ్ళలో ఉండే మన వ్యాపారుల కుటుంబాలు కూడా వాడుకోవచ్చు.

ఒడిశాలో ఆసుపత్రి కాన్పులు 2005-06 సర్వేలో 35.6 శాతం. 2019-21కి 92.2 శాతం. ఏడాది లోపు పిల్లల మరణాలు 2005లో వెయ్యికి 75 ఉండేవి, 2020కి 36కు తగ్గాయి. ఈ మార్పులో ఊళ్ళోని ఆశా దీదీల కాలినడక ఎంతో ఉంది.

బాలింత పథ్యం

ఉత్తరాంధ్ర నుంచి మనతో వచ్చిన అలవాట్లలో మంచివీ ఉన్నాయి, మార్చుకోవలసినవీ ఉన్నాయి. బిడ్డను వెచ్చగా ఉంచడం, బాలింతను బరువు పనులకు దూరంగా ఉంచడం, వెల్లుల్లి కారంతో వేడివేడి అన్నం పెట్టడం మంచివే. నీళ్ళు తక్కువ ఇవ్వడం, కూరలూ పళ్ళూ నెల దాకా మానిపించడం, ముర్రుపాలు పిండి పారబోయడం మాత్రం మంచివి కావు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది, తాగినన్ని నీళ్ళు ఇవ్వాలి. పుట్టిన గంట లోపు బిడ్డకు ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్ళు వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. మామ్మలతో వాదన పెట్టుకోవడం కోడలికి కష్టం. అందుకే మమతా దిబసకు కోడలితో పాటు అత్తగారు కూడా వెళితే నర్సమ్మ చెప్పే మాట ఇద్దరి చెవినా పడుతుంది.

చోళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడివాళ్ళు మండియా జావు అనేదీ, మన తాతల నాటి చోడి అంబలీ ఒకటే. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది దరిదాపుల్లో ఉంటుంది. 2017లో ఒడిశా చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఏడు జిల్లాల్లో రాయగడ, కోరాపుట్ రెండూ ఉన్నాయి. సంతలో చవగ్గా దొరికే చోళ్ళను వదిలి, పిల్లల బలానికని డబ్బాల్లో పొడులు కొనే ఇళ్ళు మనలోనే ఎక్కువ.

చలిజ్వరం

జయపురం కొండల మలేరియా కొత్తది కాదు. 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ ఈ కొండల దోమల మీదే పరిశోధన చేశాడు. కొండవాగుల్లో, పారే తేటనీళ్ళ అంచుల్లో పెరిగే దోమ ఇక్కడి ముఖ్య శత్రువు. ఇంటి ముందు మురుగు లేకపోయినా, పక్కన వాగు ఉంటే మలేరియా రావచ్చు.

2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో కొత్త పద్ధతి తెచ్చింది. దారి సరిగా లేని ఊళ్ళలో, జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తం పరీక్ష చేసి, ఒంట్లో క్రిములు కనబడ్డ ప్రతి ఒక్కరికీ మందిచ్చారు. మందు పట్టించిన దోమతెరలు పెద్ద ఎత్తున పంచారు. రాష్ట్రంలో 2016లో 4,44,842 కేసులు ఉండేవి. 2019కి 39,556 అయ్యాయి. తరవాత 2023, 2024లో మళ్ళీ పెరిగాయి. అంటే తెర మడిచి అటక మీద పెట్టే కాలం ఇంకా రాలేదు. ఆ తెర మందు సుమారు మూడేళ్ళు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. బట్టల సోడాతో బాది ఉతకవద్దు, నీడలో ఆరేయాలి. చేపల వలగా, పెరటి కంచెగా వాడడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటాం.

మన ఇళ్ళలో జ్వరం రాగానే మందుల షాపుకు వెళ్ళి సూదో సెలైనో పెట్టించుకోవడం అలవాటు. ఆశా దీదీ దగ్గర కిట్టు ఉంటుంది. వేలి కొస నుంచి ఒక చుక్క చాలు, పావుగంట ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది. మందు ఉచితం, కోర్సు పూర్తిగా వేసుకోవాలి. గర్భిణికి జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష చేయించాలి, మలేరియా వల్ల రక్తం పడిపోయి బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. ఇంకొకటి, ఇక్కడి నుంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిన తరవాత జ్వరం వస్తే డాక్టరుతో మొదటి మాటగా రాయగడ నుంచి వచ్చామని చెప్పండి. పట్నం డాక్టరుకు టైఫాయిడ్, డెంగీ ముందు తడతాయి. హాస్టళ్ళలో ఉన్న పిల్లలకు ఈ మాట నేర్పి పంపండి.

మేనరికం, సికిల్ సెల్

దీన్ని ఇంట్లో మాట్లాడడం కష్టం, కానీ దాటవేయలేం. సికిల్ సెల్ రక్త వ్యాధి మన జిల్లాల్లో ఎక్కువ. గిరిజనులకే వస్తుందన్నది పొరపాటు అభిప్రాయం, ఇతర కులాల్లోనూ ఉంది. తల్లిదండ్రులిద్దరిలో ఆ లక్షణం దాగి ఉంటే, వాళ్ళకు ఏ బాధా ఉండదు, కానీ పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. మేనరికం చేసుకున్న జంటలో ఇద్దరికీ ఒకే తాత నుంచి అదే లక్షణం వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనబావ మరదళ్ళ మధ్య ఎనిమిదో వంతు వారసత్వం ఉమ్మడి, మేనమామ మేనకోడళ్ళ మధ్య నాలుగో వంతు.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వారికి ఉచితంగా పరీక్ష చేసి కార్డు ఇస్తారు. పెళ్ళి మాటలు అనుకునేటప్పుడు జాతకాలతో పాటు ఈ రెండు కార్డులూ చూసుకోవచ్చు. ఒకరికి లక్షణం ఉన్నంత మాత్రాన సంబంధం చెడగొట్టుకోనక్కర్లేదు, ఇద్దరికీ ఉన్నప్పుడే ఆలోచించాలి. తరచూ కీళ్ళు, ఒళ్ళు విపరీతంగా నొప్పులు పెట్టి ఏడ్చే పిల్లలుంటే ఎదుగుదల నొప్పులని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించండి. హైడ్రాక్సీయూరియా మాత్రతో ఆ నొప్పుల సంఖ్య బాగా తగ్గుతుంది.

నీళ్ళు

మన జిల్లాలోని కాశీపూర్‌లో 2001లో మామిడి టెంక పిండి తిని జనం చనిపోయిన వార్త దేశమంతా తెలుసు. అదే బ్లాకులో 2007లో, మళ్ళీ 2022లో కలరా వచ్చింది. కొండ ఊరికి వచ్చిన కలరా బజారు వీధికి రాదని హామీ ఏమీ లేదు.

ఈ విషయంలో నేర్చుకోవలసిన ఉదాహరణ బరంపురం దగ్గర మొహుడాలో ఉన్న గ్రామ్ వికాస్ సంస్థది. 1979లో జో మడియత్ నెలకొల్పారు. వాళ్ళ నియమం ఒక్కటే: ఊళ్ళోని ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలవుతుంది, ఒక్క ఇల్లు తప్పుకున్నా లేదు. ఇంటికి సగటున వెయ్యి రూపాయలు మూలనిధిలో వేయాలి. ఉన్నవాళ్ళు ఎక్కువ, లేనివాళ్ళు తక్కువ వేసుకోవచ్చు. తరవాత ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, వంటింట్లో ఒక కుళాయి వస్తాయి. కులం చూడరు. ఈ పద్ధతి పెట్టిన ఊళ్ళను పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనంలో తీవ్రమైన విరేచనాలు 30 నుంచి 50 శాతం తగ్గినట్టు తేలింది. మన ఇంట్లో దొడ్డి ఉంది కదా అని ఊరుకుంటే లాభం లేదని దీని అర్థం. కింది వీధిలో లేని దొడ్డి మన బావిలోకే వస్తుంది.

ఇంట్లో చేయవలసింది అందరికీ తెలిసిందే, వానాకాలంలో కాచిన నీళ్ళు తాగడం. బిడ్డకు విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, 14 రోజులు జింక్ మాత్రలు. రెండూ ఆశా దీదీ దగ్గర దొరుకుతాయి. ఒకరోజు తగ్గగానే జింక్ మానేయకూడదు.

పెద్ద జబ్బు, కార్డులు, విశాఖ

2018లో వచ్చిన బిజు స్వాస్థ్య కల్యాణ కార్డు స్థానంలో 2025 ఏప్రిల్ 11 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. ఈ కార్డు ఆయుష్మాన్ జాబితాలో ఉన్న బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా పనిచేస్తుంది. మనకు ఇది ముఖ్యం. ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కుటుంబాలకే, అక్కడి చుట్టాల కార్డు మీద మనం వైద్యం చేయించుకోలేం. బయలుదేరే ముందు 14555కు ఫోను చేసి, ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మన జబ్బుకు సంబంధించిన విభాగం కూడా ఉందా అని అడగండి. ఆసుపత్రిలో చేరగానే డబ్బు కట్టక ముందే ఆయుష్మాన్ కౌంటరు దగ్గరికి వెళ్ళండి. 70 ఏళ్ళు దాటిన పెద్దలకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి వేరే కార్డు ఉంది.

దగ్గరలో ఉన్నవాటిని కూడా గుర్తుపెట్టుకోవాలి. రాయగడలో జిల్లా ఆసుపత్రి ఉంది. కోరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల మొదలైంది. బిసంకటక్‌లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిసబెత్ మాడ్‌సెన్ 1954లో పెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. నాలుగు గోడల్లో వైద్యంతో ఆగకుండా చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి దోమతెరలు, పసిపిల్లల తూకం, నర్సుల శిక్షణ మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న చోటు అది.

విశాఖ నుంచి తిరిగి వచ్చాక డిశ్చార్జి కాగితం బీరువాలో పెట్టేయకండి. ఒక జిరాక్సు తీసి సబ్‌సెంటర్‌లో చూపించండి. బీపీ, షుగర్ మందుల్లో మామూలుగా వాడేవి నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. రాసిన మందు పేరు వేరైనా లోపలి మందు అదే అవునో కాదో ఫార్మసిస్టును అడిగితే చెబుతారు. నెలనెలా ఆ మాత్రల కోసమే పార్వతీపురం వెళ్ళి వచ్చే పెద్దవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు.